సీటు వచ్చినా చేతిలో డబ్బు లేని విద్యార్థి – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ప్రతి ఏటా మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం వేసుకోవడం ఆనవాయితీ. ఈసారి ఆ పని పాత విద్యార్థులమైన మాకు అప్పగించారు. ఎవరి గురించి రాయాలా అని కూర్చున్నప్పుడు, ఈ మధ్య హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా తమ్ముళ్లు, చెల్లెళ్లు మమ్మల్ని అడుగుతున్న ప్రశ్నే గుర్తుకొచ్చింది. ఫారిన్‌లో చదవాలంటే ఏం చేయాలి, అది మనలాంటి వాళ్లకు అయ్యే పనేనా అన్నదే ఆ ప్రశ్న.

మన ప్రాంతానికి ఈ దారి కొత్తది కాదు. గుంటూరులో చదువుకున్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు స్కాట్లాండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసి వచ్చి, 1921లో చీరాల–పేరాల ఉద్యమాన్ని నడిపారు. నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా గారు ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి రైతు ఉద్యమాలు కట్టారు. ఇక మన హాస్టల్ గోడ మీద పటంలో ఉన్న అంబేద్కర్ గారి సంగతి మీకు తెలిసిందే. బరోడా మహారాజా ఇచ్చిన సాయంతో 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ తర్వాత లండన్‌లో చదువుతుండగా స్కాలర్‌షిప్పు గడువు తీరి 1917లో చదువు మధ్యలో తిరిగి రావలసి వచ్చింది. ఉద్యోగం చేసి కూడబెట్టుకుని, స్నేహితుల దగ్గర చేబదులు తీసుకుని 1920లో మళ్లీ వెళ్లి పూర్తి చేశారు.

వీరందరినీ కాదని మేము ఈసారి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆయన క్లాసు ఫస్టు విద్యార్థి కాదు. మెట్రిక్ తప్పారు. డాక్టరు పరీక్షలో కూడా పూర్తి డిగ్రీ చేతికి రాలేదు. విదేశంలో సీటు వచ్చినా ఓడ టిక్కెట్టుకు డబ్బు లేదు. అలాంటి మనిషి ఎలా వెళ్లారు, వెళ్లి ఏం చేశారు, అందుకు ఏం చెల్లించుకున్నారు అన్నది మన పిల్లలకు తెలియాలి.

బాల్యం – తప్పిన పరీక్షలు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. తండ్రి అనారోగ్యం వల్ల ఉద్యోగం ముందే మానుకోవలసి వచ్చింది. ఇంటి భారమంతా తల్లి మీద పడింది.

ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. ఆయనది బ్రాహ్మణ కుటుంబం. పేదరికం ఉంది గానీ ఊరి చెరువు దగ్గర, బడి గుమ్మం దగ్గర ఆయనను ఆపినవారు లేరు. మనలో చాలామంది తాతలకు ఆ రెండూ మూసి ఉన్న కాలం అది. ఆయన నడిచిన దూరానికి ముందు మన పెద్దలు నడవవలసిన దూరం ఇంకొకటి ఉంది. ఆ తేడా మనసులో పెట్టుకునే ఈ జీవితాన్ని చదువుకుందాం.

చిన్నతనంలో సుబ్బారావుకు చదువు మీద ధ్యాస తక్కువ. పదమూడేళ్ల వయసులో డబ్బు సంపాదించాలని ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి బాగా సంపాదించవచ్చునని ఆ పిల్లవాడి లెక్క. ఇంటివాళ్లు దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. తల్లి మళ్లీ బడికి పంపింది. రాజమండ్రిలో చదివే రోజుల్లో ఇంట్లో జబ్బులు, దగ్గరివాళ్ల మరణాలు వరసగా వచ్చాయి. 1913లో తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ ఒకసారి తప్పింది, రెండోసారీ తప్పింది. చివరకు మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో పాసయ్యారు. ఆ చదువుకు డబ్బు చాలక తల్లి తన నగలు అమ్మింది.

మిరప కోతలకు, పత్తి తీతలకు పోయి ఆ కూలి డబ్బులతో మనకు పరీక్ష ఫీజు కట్టిన అమ్మలు ఈ సంగతి చదివితే వెంకమ్మ గారిని వెంటనే గుర్తుపడతారు.

మద్రాసు – ఖద్దరు చొక్కా, తగ్గిన డిగ్రీ

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక సుబ్బారావు గారికి సన్యాసం మీద మనసు పోయింది. రామకృష్ణ మఠంలో చేరతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. మఠంవారు కూడా తల్లి అనుమతి లేనిదే చేర్చుకోలేమని, వైద్యం చదివి జనానికి సేవ చేయమని సలహా ఇచ్చారు. అలా 1915లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చులకు స్నేహితులు కొంత, అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత సాయం చేశారు. 1919లో ఆ సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరి గారితోనే ఆయనకు పెళ్లి జరిగింది.

అది గాంధీ గారి పిలుపుతో విదేశీ బట్టలు వదిలేస్తున్న కాలం. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలో వేసుకునే బట్టలు కూడా ఖద్దరుతోనే కుట్టించుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా, ఆయనకు ఎం.బి.బి.ఎస్. డిగ్రీ ఇవ్వకుండా అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ మాత్రమే ఇచ్చారు. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారు మద్రాసులో నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా చేరారు.

ఆ కాలంలోనే ఆయనను జీవితాంతం వెంటాడిన దెబ్బ తగిలింది. ఆయన సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఇద్దరూ కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో రక్తం తగ్గి మనిషి క్షీణించిపోయే జబ్బు అది. దానికి మందేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ జబ్బు సుబ్బారావు గారికి కూడా వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. జబ్బులకు మందులు వెతకాలంటే పరిశోధన నేర్చుకోవాలి, ఆ చదువు ఇక్కడ లేదు అన్న ఆలోచన ఆయనలో అప్పుడు బలపడింది.

దరఖాస్తు – సీటు ఒకటి, డబ్బు ఒకటి

రాక్‌ఫెల్లర్ సంస్థ తరఫున మన దేశానికి వచ్చిన ఒక అమెరికన్ డాక్టరు ఆయనకు తటస్థపడ్డారు. ఉష్ణదేశాల జబ్బుల మీద అమెరికాలో మంచి చదువు ఉందని ఆయన ద్వారా తెలిసింది. సుబ్బారావు గారు బోస్టన్‌లోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఉష్ణమండల వైద్య విభాగానికి దరఖాస్తు పెట్టుకున్నారు. ఒక ఉత్తరం ఓడలో వెళ్లి జవాబు రావడానికి నెలలు పట్టే కాలం అది. ఇప్పటిలా ఆన్‌లైన్‌లో సాయంత్రం పంపి పొద్దున్నే చూసుకునే వీలు లేదు. ఆ విభాగం అధిపతి డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఈయనను చేర్చుకోవడానికి ఒప్పుకున్నారు. కానీ స్కాలర్‌షిప్పు లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. విదేశీ చదువులో అందరూ తడబడేది ఇక్కడే. సీటు ఇచ్చేవారు ఒకరు, డబ్బు ఇచ్చేవారు ఇంకొకరు. మొదటిది వచ్చినంత మాత్రాన రెండోది రాదు. మనకు తెలిసిన కుర్రవాళ్లు కొందరు సీటు ఉత్తరం చూపించి ఊరంతా మిఠాయి పంచి, ఆ తర్వాత అప్పు పుట్టక ఆగిపోయారు. ఇంకొందరు వడ్డీ సంగతి చూడకుండా అప్పు చేసి వెళ్లారు. పురుగుమందుల కొట్లో ఖాతా ఎలా పెరుగుతుందో చూస్తూ పెరిగిన మనకు వడ్డీ గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

సుబ్బారావు గారు డబ్బు కోసం ఒక్క తలుపు దగ్గరే నిలబడలేదు. మామగారు సూర్యనారాయణమూర్తి గారు కొంత కూడగట్టారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కూడా సాయం చేస్తామని మాట ఇచ్చింది. ఆ నాయకర్ గారి గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేము. కోరంగి ప్రాంతంలో పేద ఇంట్లో పుట్టి, బతుకుతెరువు కోసం రంగూన్ వెళ్లి, కాయకష్టంతో మొదలుపెట్టి ఓడల వ్యాపారంలో ఎదిగిన మనిషి ఆయన. చివరకు తన ఆస్తిని ధర్మకార్యాలకు, చదువులకు రాసిపెట్టారు. చదువు ముఖం చూడని ఒక వలసకూలీ సంపాదన, తను ఎన్నడూ చూడని ఒక విద్యార్థిని హార్వర్డు గుమ్మం ఎక్కించడానికి ఆసరా అయింది. పాత విద్యార్థులమైన మేము ఈ ముక్క మా కోసం కూడా రాసుకుంటున్నాము.

బోస్టన్ – రాత్రి పని, పగలు చదువు

1920ల తొలి సంవత్సరాల్లో ఒక అక్టోబరు నెలాఖరున సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. ఎముకలు కొరికే చలి మొదలయ్యే రోజులు. చేతిలో ఉన్న డబ్బు కొద్దిపాటిది. మద్రాసు ఎల్.ఎం.ఎస్.తో అక్కడ డాక్టరుగా పని చేసే వీలు లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ అనే ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరు పని దొరికింది. రోగుల మలమూత్ర పాత్రలు కడగడం, మంచాల దగ్గర చాకిరీ చేయడం ఆ పనిలో భాగం. మన దేశంలో ఆ పనిని కొన్ని కులాల నెత్తిన రుద్ది, చేసినవాళ్లను అంటరానివాళ్లన్నారు. అగ్రవర్ణంలో పుట్టిన ఈ డాక్టరు అదే పని చేసి, ఆ కూలితో చదువుకుని 1924లో డిప్లొమా తీసుకున్నారు. పనిలో హీనం లేదని, మనుషులను హీనంగా చూడటంలోనే హీనం ఉందని మనకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ దేశంలో కూడా మనవాళ్లకు తలుపులు బార్లా తీసి లేవు. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ పౌరసత్వం కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు ఆ దేశ పౌరులు కావడానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. మరుసటి ఏడు, 1924లో, వచ్చిన వలస చట్టం మన దేశం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడే దారి దాదాపు మూసేసింది. మళ్లీ 1946లో గానీ చట్టం మారలేదు. అంటే ఆయన అక్కడ బతికిన కాలమంతా దాదాపుగా పరాయివాడిగానే బతికారు.

పేరు దగ్గర కూడా ఒక తమాషా జరిగింది. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. వాళ్లకు పేరు ముందు, ఇంటిపేరు తర్వాత. అందువల్ల యల్లాప్రగడ ఆయన పేరుగా, సుబ్బారావు ఇంటిపేరుగా అమెరికా కాగితాల్లో స్థిరపడిపోయాయి. ఇప్పుడు పాస్‌పోర్టుకు పోయే మన పిల్లలకు కూడా ఇదే చిక్కు. టెన్త్ సర్టిఫికెట్లో ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు, కుల ధ్రువపత్రంలో ఇంకో తీరు పేరు ఉంటే చివరి నిమిషంలో ఆఫీసుల చుట్టూ తిరగాలి. టెన్త్‌లో ఉన్నప్పుడే సరిచూసుకోండి.

ప్రయోగశాలలో

డిప్లొమా తర్వాత సుబ్బారావు గారు హార్వర్డులోనే జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. మన హాస్టల్ నుంచి బి.ఎస్సీ. బయోకెమిస్ట్రీకి వెళ్లినవారు ల్యాబులో ఆ పేరు వినే ఉంటారు. అందులో సగం పేరు మన భీమవరం మనిషిదని చాలామందికి తెలియదు.

ఆ కొలత చేతికి వచ్చాక పెద్ద సంగతులు బయటపడ్డాయి. కండరం కదలాలంటే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది అన్నది అప్పటి ప్రశ్న. దాని మీద పని చేసిన ఇద్దరు యూరప్ శాస్త్రజ్ఞులకు అప్పటికే 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. కానీ అసలు విషయం ఇంకా మిగిలే ఉంది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని ఫిస్కే, సుబ్బారావు గుర్తించారు. ఏ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనిపెట్టారు. ఎర్రటెండలో మిరపకాయ కోసే వేలు కదిలినా, పత్తి బస్తా ఎత్తే భుజం కదిలినా ఒంట్లో ఖర్చయ్యేది ఈ ఏ.టి.పి.యే. ఇంటర్ బైపీసీ వాళ్లు పరీక్ష కోసం బట్టీపట్టే ఆ మూడక్షరాల వెనుక ఈ కథ ఉంది.

1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. కానీ హార్వర్డు ఆయనకు శాశ్వతమైన ప్రొఫెసరు పదవి ఇవ్వలేదు. ఆయన చేసిన పనిలో కొంత ఫిస్కే వెలుగులోకి రానివ్వలేదని, అదంతా ఆ తర్వాత ఇతరులు మళ్లీ కనిపెట్టవలసి వచ్చిందని జార్జి హిచింగ్స్ తర్వాతి కాలంలో చెప్పారు. ఆ హిచింగ్స్ అదే విభాగంలో చదువుకుని 1988లో నోబెల్ అందుకున్న శాస్త్రజ్ఞుడు. సుబ్బారావు గారు మాత్రం తన పేరు కోసం ఎవరితోనూ తగవు పడలేదు. 1940లో హార్వర్డు వదిలి, న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరి, అక్కడ పరిశోధనలు నడిపించారు.

ఆ ఎనిమిదేళ్లలో ఆయన నాయకత్వంలో వచ్చిన మందులు ఒక మనిషి జీవితానికి చాలా ఎక్కువ.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఆంగ్ల డాక్టరమ్మ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీలకు రక్తం ఎందుకు తగ్గుతుందో చూశారు. ఏదో ఒక పోషకం లోపించిందని పసిగట్టారు గానీ అదేమిటో అప్పటికి తేలలేదు. 1941లో అమెరికాలోని టెక్సాస్ శాస్త్రజ్ఞులు టన్నులకొద్దీ పాలకూర నుంచి ఒక పదార్థాన్ని తీసి, లాటిన్ భాషలో ఆకు అనే మాట మీద దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే పద్ధతిని సుబ్బారావు గారి బృందం 1945లో సాధించింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూ జబ్బుకు కూడా అది మందుగా పనిచేసింది.

రెండోది ఆ ఫోలిక్ ఆమ్లానికి ఎదురుగా పనిచేసే మందులు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సరుతో చనిపోతున్న చిన్నపిల్లలకు, సుబ్బారావు గారి బృందం తయారుచేసి పంపిన అమినోప్టెరిన్ మందు ఇచ్చారు. 1948లో ఆ ఫలితాలు ప్రకటించారు. కొందరు పిల్లలు తాత్కాలికంగానైనా కోలుకున్నారు. క్యాన్సరును మందుతో లొంగదీయవచ్చునన్న నమ్మకం అప్పుడే మొదలైంది. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ క్యాన్సరుకు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

మూడోది హెట్రజాన్. బోదకాలుకు మందు. 1947లో వచ్చింది. డి.ఇ.సి. మాత్ర అంటే అదే. మన దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో 2004 నుంచి ఇంటింటికీ పంచిన మాత్రల్లో ఉన్నది అదే మందు.

నాలుగోది ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ అనే డెబ్భై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన మందు. 1948లో వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. ఆ పరిశోధన సుబ్బారావు గారి పర్యవేక్షణలో జరిగినా, ఘనతంతా డగ్గర్‌కే దక్కేలా ఆయన వెనుక వరసలో ఉండిపోయారు.

తిరిగి రాని ప్రయాణం

ఇంతవరకు చెప్పి ఆపేస్తే అది సగం కథే అవుతుంది.

సుబ్బారావు గారు ఓడ ఎక్కాక మళ్లీ ఇంటికి రాలేదు. ఆయన వెళ్లిన తర్వాత ఇక్కడ కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. భార్య శేషగిరి గారు మళ్లీ ఆయనను కలుసుకోలేదు. నగలు అమ్మి చదివించిన తల్లి దగ్గరకు కూడా కొడుకు చేరలేదు. మొదట డబ్బు లేదు, తర్వాత పని వదల్లేదు, ఆ తర్వాత యుద్ధం వచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే గుండె ఆగి న్యూయార్కులో కన్నుమూశారు. చట్టం మారాక కూడా అమెరికా పౌరసత్వం పూర్తిగా తీసుకోలేదు. భారతీయుడిగానే పోయారు. మన దేశం 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ల వేసింది. ఒక జాతి బూజుకు శాస్త్రజ్ఞులు ఆయన పేరు మీద సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు.

శేషగిరి గారి పేరు మీద ఏ బిళ్లా లేదు. విదేశీ చదువు ఖర్చు అంటే ఫీజు, ఛార్జీలు మాత్రమే కాదు. వెనక ఉండిపోయినవాళ్లు చెల్లించేది ఏ రసీదులోనూ కనపడదు. వెళ్లే పిల్లలు ఆ లెక్క కూడా వేసుకుని వెళ్లాలని మా కోరిక. ఈ రోజుల్లో ఫోనుంది, విమానముంది. అమ్మతో వారానికోసారి మాట్లాడకపోవడానికి మనకు ఏ సాకూ లేదు.

మనం తీసుకోవలసినది

మన హాస్టళ్లలో, బళ్లలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మీకు తెలుసు. చేదుగా ఉందని కిటికీలోంచి పారేసేవాళ్లు కూడా మాకు తెలుసు. అందులో ఇనుముతో పాటు అర మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. మెట్రిక్ రెండుసార్లు తప్పిన ఒక తెలుగు కుర్రవాడు, రాత్రిళ్లు ఆసుపత్రిలో పాత్రలు కడిగి చదువుకుని, మన దాకా పంపిన మాత్ర అది. ఆయన ఇంటికి రాలేకపోయినా ఆయన మందు ప్రతి ఇంటికీ వచ్చింది. ఇకనుంచి పారేయకండి.

ఇక మొదట చెప్పుకున్న ప్రశ్నకు వద్దాం. మనలాంటి వాళ్లకు అవుతుందా? అవుతుంది. సుబ్బారావు గారి కాలంలో లేని ఆసరాలు ఇప్పుడు మనకున్నాయి. కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్డు కులాలు మొదలైన వర్గాల పిల్లల కోసం జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పును 1954–55 నుంచి నడుపుతోంది. మాస్టర్స్, పిహెచ్.డి. చదువులకు ఫీజు, నిర్వహణ ఖర్చు, విమాన ఛార్జీ ఇస్తుంది. మార్కులు, వయసు, కుటుంబ ఆదాయం మీద షరతులుంటాయి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. రాష్ట్ర ప్రభుత్వాల పథకాల పేర్లు, షరతులు మారుతూ ఉంటాయి కాబట్టి ఆ ఏడాది ఏది అమల్లో ఉందో జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయంలోనే అడిగి తెలుసుకోవాలి. ఎవరో చెప్పారని నమ్మవద్దు.

డిగ్రీ రెండో సంవత్సరంలోనే పని మొదలుపెట్టండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, మార్కుల జాబితాలు ఒక ఫైలులో పెట్టుకోండి. ఇంగ్లీషు పరీక్షకు ముందు నుంచి చదవండి. తెలుగు మీడియంలో చదివామన్న బెరుకు వద్దు, ఆరు నెలలు పట్టుగా కూర్చుంటే దారికొస్తుంది. మీరు చేరబోయే విశ్వవిద్యాలయం గుర్తింపు ఉన్నదో కాదో మీరే చూసుకోండి. ముందు డబ్బు కట్టమని తొందరపెట్టే కన్సల్టెన్సీల దగ్గర సంతకం పెట్టేముందు అయ్యవార్లలో ఒకరికి ఆ కాగితం చూపించండి. ఒక్క చోటే దరఖాస్తు పెట్టి కూర్చోవద్దు. ఒక చోట కాదంటే అది ఆ ఒక్క చోటు మాటే.

పాత విద్యార్థులకు కూడా ఒక మనవి. ఉద్యోగాల్లో స్థిరపడిన మనం ఏడాదికి ఒక పిల్లవాడికో, పిల్లకో పాస్‌పోర్టు ఫీజు, ఇంగ్లీషు పరీక్ష ఫీజు కట్టగలిగితే చాలు. సత్యలింగం నాయకర్ గారంత ఆస్తి మనకు లేకపోవచ్చు. ఆయన కూడా ఒకప్పుడు కూలి మనిషే. మా వంతుగా ఈ వార్షికోత్సవం నాడే ఆ పని మొదలుపెట్టాలని మేము అనుకుంటున్నాము. కలిసి వచ్చేవారు సభ అయ్యాక భోజనాల దగ్గర మమ్మల్ని కలవండి.